పరిశోధనలో వికీపీడియా: నేరుగా రిఫరెన్స్ ఇవ్వాలా, మూలానికి వెళ్లాలా, వేరే విజ్ఞాన సర్వస్వం చూడాలా?

ఉస్మానియాలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో, ఇఫ్లూలోనో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు కొత్త అంశం మొదలుపెట్టినప్పుడు చాలాసార్లు ముందుగా తెరిచేది వికీపీడియా పేజీనే. తీసిస్ చివర గ్రంథసూచిలో మాత్రం ఆ పేరు అరుదుగా కనిపిస్తుంది. గైడ్ ఒప్పుకోరేమోనన్న భయం, వైవాలో ఎవరైనా ఎత్తిచూపుతారేమోనన్న టెన్షన్. ఇంకోవైపు డిగ్రీ, పీజీ ప్రాజెక్టుల్లో పాఠ్యపుస్తకానికి ఇచ్చినంత ధీమాగా వికీపీడియా లింకులు వరసగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. రెండు పద్ధతులూ పరిశోధనకు నష్టమే చేస్తాయి. మొదటిది దాచిపెడుతుంది, రెండోది మోయలేని చోట బరువు పెడుతుంది.

ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు. ఎంఐటీకి చెందిన నీల్ థాంప్సన్, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన డగ్లస్ హాన్లీ 2017లో బయటపెట్టిన ఒక ప్రయోగం ఉంది. రసాయనశాస్త్రంలో కొత్త వ్యాసాలు రాయించి, వాటిలో కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎంచి వికీపీడియాలో పెట్టారు, మిగతావి పెట్టకుండా ఉంచారు. తర్వాత వచ్చిన పరిశోధన పత్రాల భాష, పెట్టిన వ్యాసాల భాషకు దగ్గరగా జరిగింది. అంటే శాస్త్రవేత్తలు చదువుతున్నారు, వాడుతున్నారు. ఫుట్‌నోట్లు చూస్తే మాత్రం ఆ విషయం తెలియదు.

వాడాలా వద్దా అన్న వాదనలో సమయం పోగొట్టుకోవడం అనవసరం. వాడాక రిఫరెన్స్ దేనికి, ఎలా ఇవ్వాలన్నదే తేల్చుకోవాల్సింది.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న: ఈ రిఫరెన్స్‌ను దేనికి సాక్ష్యంగా ఇస్తున్నారు?

"1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచింది" అని రాసి కింద వికీపీడియా అని పెడితే, ఆ వరదకు వికీపీడియాను సాక్షిగా నిలబెట్టినట్టే. అక్కడ రాసినవాళ్లు ఆ వరదను చూడలేదు. ఎవరో పుస్తకంలోనో పత్రికలోనో రాసినదాన్ని చదివి కుదించి పెట్టారు. అలాగే పెట్టాలన్నది వికీపీడియా సొంత నియమం కూడా: సొంత పరిశోధన రాయకూడదు, ప్రచురితమైన ఆధారం చూపాలి. ఒక వికీపీడియా వ్యాసానికి మరో వికీపీడియా వ్యాసాన్ని ఆధారంగా చూపడానికి ఆ నియమాలే ఒప్పుకోవు. తనను తాను ఆధారంగా తీసుకోని చోటును మనం తీసిస్‌లో ఆధారంగా పెట్టడం ఎలా కుదురుతుంది?

అదే మీ పరిశోధన "మూసీ వరదను తెలుగు వికీపీడియా ఎలా చెప్పింది, ఇంగ్లిష్, ఉర్దూ వికీపీడియాలు ఎలా చెప్పాయి" అన్నదైతే లెక్క మారిపోతుంది. అక్కడ ఆ పేజీయే ప్రాథమిక మూలం. దాన్ని ఉటంకించకపోతేనే తప్పు.

ఈ ప్రశ్నకు జవాబు దొరికాక మిగతా కొలమానాలు చూడండి. రాసినది ఎవరో, తప్పయితే బాధ్యత ఎవరిదో తెలుస్తుందా? ఈరోజు మీరు చదివిన వాక్యం, మూడేళ్ల తర్వాత పరీక్షకుడు లింకు నొక్కినప్పుడు అదే ఉంటుందా? చదివేవాళ్లు అక్కడికి చేరుకోగలరా? మీ గైడ్, మీ జర్నల్ ఒప్పుకుంటారా? చివరగా శ్రమ. దీన్ని తక్కువగా చూడకూడదు. సబ్మిషన్‌కు నెల రోజులున్న విద్యార్థికీ, రెండో సంవత్సరంలో ఉన్న స్కాలర్‌కీ ఒకే సలహా పనికిరాదు.

## మొదటి దారి: మామూలు లింకు ఇచ్చేయడం

పేజీ పేరు, లింకు, చూసిన తేదీ. రెండు నిమిషాల పని. అందుకే అందరూ చేసేది ఇదే.

చిక్కు నిలకడతో వస్తుంది. పేజీ ఏ క్షణానైనా మారుతుంది. మీరు ఉటంకించిన వాక్యాన్ని ఎవరో సరిదిద్దవచ్చు, తీసేయవచ్చు, పేజీనే ఇంకో పేజీలో కలిపేయవచ్చు. చూసిన తేదీ ఇస్తే చదివేవాళ్లు చరిత్ర ట్యాబ్‌లో వెతుక్కుంటారని అనుకోవడం అత్యాశ.

వికీపీడియా నాణ్యత గురించి అడిగితే చాలామంది 2005లో నేచర్ పత్రిక చేసిన పోలికను గుర్తుచేస్తారు. 42 విజ్ఞానశాస్త్ర వ్యాసాలను నిపుణులతో చదివిస్తే వికీపీడియాలో వ్యాసానికి సగటున నాలుగు తప్పులు, బ్రిటానికాలో మూడు తేలాయి. ఆ పద్ధతినే బ్రిటానికా తప్పుపట్టింది. ఆ సంఖ్యలు వికీపీడియాకు మంచి పేరే తెచ్చాయి. కానీ సగటు మీ చేతిలో ఉన్న ఒక్క వాక్యం గురించి ఏమీ చెప్పదు. పైగా అది ఇంగ్లిష్ వికీపీడియాలో సైన్స్ వ్యాసాల లెక్క. మన మండలం పేజీకో, ఒక తెలుగు కవి పేజీకో దాన్ని వర్తింపజేయలేం.

నా అభిప్రాయం సూటిగా: మామూలు లింకు ఏ సందర్భంలోనూ మొదటి ఎంపిక కాకూడదు. వికీపీడియానే ఇవ్వాలనుకుంటే రెండో దారి ఉంది. దానికి మహా అయితే ఇంకో నిమిషం పడుతుంది.

## రెండో దారి: శాశ్వత లింకు

వికీపీడియాలో ప్రతి మార్పుకూ ఒక కూర్పు, ఆ కూర్పుకో సంఖ్య ఉంటాయి. పరికరాల పెట్టెలో "శాశ్వత లింకు" నొక్కితే, మీరు చదువుతున్న కూర్పు అలాగే ఉండే చిరునామా వస్తుంది. తర్వాత పేజీని ఎవరు ఎన్నిసార్లు మార్చినా ఆ లింకు పాత పాఠాన్నే చూపిస్తుంది. పేజీనే తొలగిస్తే మాత్రం ఆ లింకూ పోతుంది. అందుకే ముఖ్యమైన పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో కూడా భద్రపరిచి పెట్టుకోవడం మంచిది.

రిఫరెన్సులు రాయడానికి వాడే ఏపీఏ శైలి ఏడో ఎడిషన్ ఈ పద్ధతినే చెబుతుంది: పేజీ పేరు, ఆ కూర్పు తేదీ, "వికీపీడియాలో", ఆ తర్వాత ఆ పాత కూర్పు లింకు. ఎంఎల్ఏ అనే మరో రిఫరెన్స్ శైలిలో పేజీ పేరు, వికీపీడియా, ప్రచురణకర్తగా వికీమీడియా ఫౌండేషన్, చివరి మార్పు తేదీ, లింకు. షికాగో పద్ధతిలో పేరున్న విజ్ఞాన సర్వస్వాలను సాధారణంగా ఫుట్‌నోట్‌లోనే ఇచ్చి గ్రంథసూచిలో వదిలేస్తారు. రచయిత పేరు దగ్గర "అజ్ఞాత రచయిత" అని రాయకండి. పేజీ పేరుతోనే మొదలుపెట్టాలి.

ఈ దారి నిలకడ సమస్యను తీరుస్తుంది. బాధ్యత సమస్యను తీర్చదు. వాక్యం కదలకుండా నిలబడింది కాబట్టి నిజమైపోదు కదా. అందుకే ఇది వికీపీడియానే పరిశోధించేవాళ్లకు, వికీపీడియా పాఠాన్ని ఉదాహరణగా చూపేవాళ్లకు సరైన ఎంపిక. మిగతావాళ్లకు, ఎక్కడినుంచి మొదలుపెట్టామో నిజాయితీగా చెప్పుకోవడానికి పనికొస్తుంది.

## మూడో దారి: కింద ఉన్న మూలానికి వెళ్లడం

ఎక్కువమంది పరిశోధకులకు నేను చెప్పేది ఇదే. అయితే "మూలానికి వెళ్లండి" అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. వెళ్లడంలో చాలా మెలికలున్నాయి.

మూసీ వరదనే తీసుకుందాం. చనిపోయినవాళ్ల సంఖ్య 15 వేలని ఒకచోట, 50 వేలని మరోచోట కనిపిస్తుంది. మీరు పట్టణ చరిత్ర మీదో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల మీదో రాస్తున్నారనుకోండి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మొదలై 1920లో, 1927లో పూర్తయిన ఆ రెండు జలాశయాలకు కారణమే ఈ వరద. ఆ సంఖ్య మీ వాదనకు పునాది. ఏది రాస్తారు?

పేజీలో ఆ సంఖ్య పక్కనున్న ఫుట్‌నోట్ తెరవండి. చాలాసార్లు అది వరద వార్షికోత్సవానికి ఏదో పత్రికలో వచ్చిన ఫీచర్ వ్యాసం అవుతుంది. ఆ వ్యాసంలో సంఖ్య ఉంటుంది, అది ఎక్కడిదో ఉండదు. ఇప్పుడు రెండు తేదీలు పోల్చాలి: ఆ పత్రిక వ్యాసం వచ్చిన తేదీ, వికీపీడియాలో ఆ సంఖ్య మొదట కనిపించిన తేదీ. రెండోదాని కోసం వికీబ్లేమ్ అనే ఉచిత పరికరం ఉంది. ఒక మాట ఏ కూర్పులో మొదటిసారి చేరిందో అది వెతికి చూపిస్తుంది. పత్రిక వ్యాసం కన్నా ముందే వికీపీడియాలో ఆ సంఖ్య ఉంటే, విలేకరి అక్కడినుంచే తీసుకుని ఉండవచ్చు. తర్వాత ఇంకెవరో ఆ వార్తనే తెచ్చి వికీపీడియాలో ఆధారంగా పెట్టి ఉండవచ్చు. అప్పుడు రెండు మూలాలున్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి ఒక్కటీ లేదు.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2008లో ఇంగ్లిష్ వికీపీడియాలో కోఆటి (coati) అనే జంతువుకు "బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్" అనే పేరు ఉందని ఒక విద్యార్థి సరదాగా చేర్చాడు. ఆ పేరు పత్రికల్లోకి, పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ తర్వాత ఆ ప్రచురణలే ఆ పేరుకు ఆధారాలుగా వికీపీడియాలో చేరాయి.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ గోవాది. 1640, 41లలో పోర్చుగీసులకూ మరాఠాలకూ మధ్య బిచోలిమ్‌లో యుద్ధం జరిగిందంటూ ఇంగ్లిష్ వికీపీడియాలో ఒక పెద్ద వ్యాసం 2007 నుంచి 2012 చివరి దాకా ఉంది. దానికి "మంచి వ్యాసం" హోదా కూడా ఇచ్చారు. కింద పుస్తకాల పేర్లు, పేజీ సంఖ్యలు చక్కగా ఉన్నాయి. చివరికి ఒక సభ్యుడు ఆ పుస్తకాల కోసం వెతికితే అవి అసలు లేవు. ఆ యుద్ధమూ జరగలేదు. ఫుట్‌నోట్ ఉండటం వేరు, ఫుట్‌నోట్‌లో ఉన్నది నిజంగా ఉండటం వేరు.

అందుకే మూసీ సంఖ్యకు తుది మూలం కావాలంటే నిజాం ప్రభుత్వ కాగితాల దాకా, ఆనాటి పత్రికల దాకా వెళ్లాలి. ఈ విషయంలో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. అసఫియా లైబ్రరీగా 1891లో మొదలైన స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అఫ్జల్‌గంజ్‌లో, ఆ మూసీ దగ్గరే ఉంది. 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం సుల్తాన్ బజార్‌లో ఉంది. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉర్దూ గ్రంథాల పెద్ద సేకరణ ఉంది. ఇక్కడి చరిత్రకు ఉర్దూ, పారశీక మూలాలు ఎంత అవసరమో పనిచేసినవాళ్లకు తెలుసు. ఇంటినుంచే చూడాలంటే, ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత తెలుగు పత్రికలు ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి.

జర్నల్ వ్యాసాలకు డబ్బు కట్టాల్సి వస్తుందని వెనకాడేవాళ్లు ముందు తమ లైబ్రరీలో అడగాలి. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకం 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు దీని కింద అందుబాటులోకి వచ్చాయి. వికీపీడియాలో చురుకుగా రాసేవాళ్లకు వికీపీడియా లైబ్రరీ అనే ఇంకో సౌకర్యం ఉంది. 500 మార్పులు, ఆరు నెలల అనుభవం ఉంటే జేస్టోర్ లాంటి జర్నళ్ల భాండాగారాలు ఉచితంగా తెరుచుకుంటాయి.

మూలం దొరికాక దాన్ని చదవాలి. ఆ పేజీ, దాని ముందు పేజీ, తర్వాతి పేజీ. వికీపీడియాలో కుదించినప్పుడు "సుమారు", "కొందరి అంచనా ప్రకారం" లాంటి మాటలు రాలిపోవడం మామూలే. చదివాక ఉటంకించాల్సింది ఆ పుస్తకాన్నే.

వివాదాలున్న అంశాల్లో చర్చా పేజీ కూడా చదవమంటాను. హైదరాబాద్ పేరు, భాగమతి కథ తీసుకోండి. పాతకాలపు చరిత్రకారుడు ఫరిష్తా ఆ కథను రాశాడు, హెచ్.కె. షేర్వాణీ లాంటి ఆధునిక చరిత్రకారులు దాన్ని కొట్టిపారేశారు. పేజీలో ఏ పక్షానికి ఎంత చోటు దొరికిందన్నది ఎవరెవరు ఓపికగా వాదించారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఆ వాదన అంతా చర్చా పేజీలో ఉంటుంది. చాలాసార్లు వ్యాసంలో లేని మంచి మూలాల పేర్లు అక్కడే దొరుకుతాయి.

## నాలుగో దారి: "ఫలానావారు పేర్కొన్నట్టు"

మూలం ఎక్కడా దొరకలేదు. పుస్తకం అచ్చులో లేదు, లండన్‌లోని లైబ్రరీలో ఒక్క ప్రతి ఉంది. అప్పుడు మూలం పేరు చెప్పి, దాన్ని నేను ఇక్కడ చదివానని రెండో మూలం పేరు ఇవ్వడం మర్యాదైన పద్ధతి. ఆ రెండో మూలం వికీపీడియా కాకుండా ఒక ప్రచురిత గ్రంథమైతే మేలు. తీసిస్ మొత్తంలో ఒకటి రెండు చోట్ల ఉంటే ఎవరూ తప్పుపట్టరు. పేజీకొకటి ఉంటే మాత్రం పరీక్షకుడికి అనుమానం వస్తుంది, రావాలి కూడా.

దీని పక్కనే ఒక దొంగదారి ఉంది. వికీపీడియాలోని ఫుట్‌నోట్‌ను కాపీ చేసి, ఆ పుస్తకాన్ని తానే చదివినట్టు గ్రంథసూచిలో పెట్టేయడం. ఈ వ్యాసంలో చెప్పే తప్పులన్నిటిలో ఇదే పెద్దది అంటాను. బిచోలిమ్ వ్యాసంలోని పుస్తకాలను అలా ఎత్తుకున్న పరిశోధకుడిని ఊహించుకోండి. "ఈ పుస్తకం ఏ లైబ్రరీలో చూశావు బాబూ?" అని వైవాలో అడిగితే ఏం చెబుతాడు? ఏఐ చాట్‌బాట్లు ఇచ్చే రిఫరెన్సులకూ ఇదే వర్తిస్తుంది. వాటిలో లేని పుస్తకాలు, లేని పత్రాలు కనిపించడం చాలామందికి ఇప్పటికే అనుభవమైంది.

## ఐదో దారి: నిపుణులు రాసిన విజ్ఞాన సర్వస్వాలు

పరిచయ స్థాయి సమాచారం ఒక్కచోట కావాలి, బాధ్యుడైన రచయిత పేరూ కావాలి అంటే ఇవి ఉన్నాయి.

తత్వశాస్త్రానికి 1995లో మొదలైన స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీని మించింది నాకు కనిపించలేదు. ప్రతి వ్యాసానికీ రచయిత ఉంటారు, సమీక్ష ఉంటుంది. ఏడాదికి నాలుగుసార్లు మొత్తం సంపుటిని మార్చకుండా భద్రపరుస్తారు. ఆ త్రైమాసిక కూర్పును ఉటంకిస్తే బాధ్యత, నిలకడ రెండూ తీరిపోతాయి. 2006లో మొదలైన స్కాలర్‌పీడియా వికీ పద్ధతిలోనే నడుస్తుంది, కానీ వ్యాసాలు నిపుణులవి, సమీక్ష అయినవి. న్యూరోసైన్స్, భౌతికశాస్త్రం వైపు బలం. కొన్ని వ్యాసాలు పాతబడ్డాయి, తేదీ చూసుకోండి. పీఎల్ఓఎస్ కంప్యుటేషనల్ బయాలజీ జర్నల్ 2012 నుంచి "టాపిక్ పేజీలు" వేస్తోంది. సమీక్ష అయి జర్నల్‌లో వచ్చిన వ్యాసమే వికీపీడియాలోనూ చేరుతుంది. అలాంటి అంశమైతే జర్నల్ వ్యాసాన్నే డీఓఐతో (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యతో) ఉటంకించవచ్చు.

తెలుగులో అచ్చు సర్వస్వాలకు పెద్ద చరిత్రే ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి, అది పూర్తికాకుండానే 1923లో కన్నుమూశారు. కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని 1930లలో ముందుకు తీసుకెళ్లారు. హైదరాబాద్‌లోనే సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశం 1958 నుంచి సంపుటాలుగా వచ్చింది. సాహిత్యం, శాసనాలు, ప్రాచీన చరిత్ర మీద వీటిలో ఇప్పటికీ విలువైన వ్యాసాలున్నాయి. జనాభా, సరిహద్దులు, విజ్ఞానశాస్త్రం మాత్రం ఆ కాలం నాటివి. "ఆ రోజుల్లో పండితులు ఈ విషయాన్ని ఎలా చూశారు" అని చెప్పడానికి వీటికన్నా మంచి సాక్ష్యం ఉండదు.

వికీసోర్స్‌ను వికీపీడియాతో కలిపి చూడకండి. అందులో పాత పుస్తకం స్కాన్ ఒకవైపు, టైపు చేసిన పాఠం ఇంకోవైపు ఉంటాయి. స్కాన్‌తో సరిచూసుకుని, పుస్తకాన్ని దాని అసలు ముద్రణ వివరాలతో ఉటంకించి, వికీసోర్స్‌లో చదివానని చేర్చితే సరిపోతుంది.

## ఒక్కచోట చూస్తే

| దారి | బాధ్యత | నిలకడ | గైడ్, జర్నల్ ఆమోదం | శ్రమ | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|---|---|
| మామూలు లింకు | తెలియదు | లేదు | తక్కువ | రెండు నిమిషాలు | ఎవరికీ మొదటి ఎంపిక కాదు |
| శాశ్వత లింకు | తెలియదు | బాగుంటుంది | అంశాన్ని బట్టి | మూడు నిమిషాలు | వికీపీడియానే పరిశోధించేవారికి |
| చదివిన మూలం | స్పష్టం | మూలాన్ని బట్టి | ఎక్కువ | గంట నుంచి వారాలు | దాదాపు అందరికీ |
| పరోక్షంగా | సగం | మూలాన్ని బట్టి | అరుదుగా అయితే సరే | తక్కువ | మూలం దొరకని సందర్భాలకు |
| నిపుణుల సర్వస్వం | స్పష్టం | బాగుంటుంది | ఎక్కువ | అరగంట | నిర్వచనాలకు, నేపథ్యానికి |

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

చరిత్ర, తెలుగు సాహిత్యం స్కాలర్లు మూడో దారి తప్ప ఇంకోటి పెట్టుకోవద్దు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. చాలా వ్యాసాలు ఇంగ్లిష్ నుంచి అనువాదమైనవి. అనువదించినవాళ్లు ఫుట్‌నోట్‌లను కూడా యథాతథంగా తెచ్చి పెడతారు, ఆ పుస్తకాలను చదివి ఉండాలని లేదు. అందువల్ల తెలుగు పేజీలోని ఫుట్‌నోట్‌ను ఇంగ్లిష్ పేజీ చరిత్రలో కూడా వెతకాల్సి వస్తుంది.

గ్రామాల మీద, జిల్లాల మీద పనిచేసే సామాజిక శాస్త్ర విద్యార్థులు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. తెలుగు వికీపీడియాలో గ్రామాల పేజీలు చాలావరకు 2011 జనాభా లెక్కల సమాచారంతో రాసినవి. ఆ తర్వాత తెలంగాణలో 2016 అక్టోబరులో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. మండలాలు మారాయి. పేజీలో కొత్త జిల్లా పేరు, పాత లెక్కలు పక్కపక్కనే ఉండటం సహజం. ఊరి జనాభా కావాలంటే జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌నే తెరిచి, ఏ సరిహద్దుల ప్రకారం ఆ లెక్క తీశారో మీ తీసిస్‌లో ఒక వాక్యం రాయండి. ఆ ఒక్క వాక్యం లేక జిల్లాల పోలికలు మొత్తం చెడిపోతాయి.

సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకు నిర్వచనాలు, సూత్రాలే ఎక్కువగా కావాలి. వికీపీడియాలో గణితం, భౌతికశాస్త్రం పేజీలు అర్థం చేసుకోవడానికి ఎంతో ఉపయోగం. రిఫరెన్స్ మాత్రం పాఠ్యపుస్తకానికో, స్థిరాంకాలైతే ప్రామాణిక సంస్థ పట్టికకో ఇవ్వండి. న్యూటన్ నియమానికి అసలు రిఫరెన్సే అక్కర్లేదు.

భాషా సాంకేతికత, కంప్యూటర్ సైన్స్ పరిశోధకుల సంగతి పూర్తిగా వేరు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఇండిక్‌వికీ లాంటి ప్రాజెక్టులు నడిచిన ఊరు ఇది. తెలుగు వికీపీడియా పాఠంతో మోడల్ శిక్షణ ఇస్తే అది మీకు డేటా. ఏ భాష డంపు (వికీపీడియా పాఠమంతా ఒకేసారి దించుకునే ఫైలు), ఏ తేదీది, ఏయే పేజీలు వడపోశారు అన్నవి మూడూ రాయాలి. పాత డంపులు వికీమీడియా సర్వర్‌లో ఎల్లకాలం ఉండవు కాబట్టి ఒక ప్రతి భద్రంగా దాచుకోండి. "వికీపీడియా నుంచి తీసుకున్నాం" అని ఒక్క ముక్క రాసి వదిలేసిన పత్రంలోని ఫలితాలను ఇంకొకరు మళ్లీ రాబట్టలేరు.

మీడియా, సోషియాలజీ వాళ్లు దిద్దుబాట్ల పోరును, చర్చలను పరిశోధిస్తుంటే శాశ్వత లింకుతో పాటు రెండు కూర్పుల మధ్య తేడా చూపే లింకును కూడా ఇవ్వండి. సభ్యుల పేర్లు బహిరంగంగానే కనిపిస్తాయి, అయినా వాళ్లు మనుషులు. పేరు అవసరం లేని చోట పేరు రాయకండి.

డిగ్రీ, పీజీ ప్రాజెక్టు విద్యార్థులకు సమయం తక్కువ. మీ వాదన నిలబడేది ఏ ఐదారు వాక్యాల మీదో గుర్తించి, వాటికి మాత్రం మూలాల దాకా వెళ్లండి. నేపథ్యానికి నిపుణుల సర్వస్వం చాలు.

## కాపీ, లైసెన్స్, బొమ్మలు

వికీపీడియా పాఠం క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంది, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. ఆ అనుమతి ఉంది కదా అని తీసిస్‌లో పేరాలు ఎత్తి పెడితే ప్లేజియరిజం (గ్రంథచౌర్యం) కాకుండా పోదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య అయితే ఏడాది పాటు సవరించిన ప్రతిని తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. తీసిస్‌లను తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్లు వెబ్ పేజీలతోనూ పోల్చి చూస్తాయి.

తెలుగులో తీసిస్ రాసేవాళ్లు మరీ గమనించాల్సింది ఇది: ఇంగ్లిష్ వికీపీడియా పేరాను తెలుగులోకి మార్చి పెడితే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు. అయినా అది ఇంకొకరి వాక్యమే. అనువాదానికీ రిఫరెన్స్ ఇవ్వాలి.

చార్మినార్ ఫొటోనో, పాత పటమో వికీమీడియా కామన్స్ నుంచి తీసుకుంటే ఆ బొమ్మ పేజీకి వెళ్లి దాని లైసెన్స్ చూడండి. ఒక్కో బొమ్మకు ఒక్కో లైసెన్స్ ఉంటుంది. ఫొటో తీసినవారి పేరు, లైసెన్స్ పేరు బొమ్మ కిందే రాయాలి. "సౌజన్యం: వికీపీడియా" అని రాస్తే సరిపోదు.

## గైడ్ ససేమిరా అంటే

కొందరు గైడ్‌లు వికీపీడియా అన్న మాటే వినరు. 2007లో అమెరికాలోని మిడిల్‌బరీ కాలేజీ చరిత్ర విభాగం కూడా విద్యార్థులు దాన్ని ఉటంకించకూడదని తీర్మానించింది, చదవద్దని మాత్రం అనలేదు. ఆ తేడాను గైడ్ ముందు పెట్టండి. "సార్, ఈ పేజీ చదివి మొదలుపెట్టాను, ఇవిగో దాని వెనక ఉన్న మూలాలు, వీటిలో ఈ మూడూ నేను చూశాను, ఇది దొరకలేదు" అని నోట్స్ చూపిస్తే మాట్లాడుకోవడం తేలికవుతుంది. పరిశోధన పద్ధతి అధ్యాయంలో ఇదే విషయం ఒక పేరా రాయడానికి అనుమతి అడగండి.

అంత కష్టపడి మూసీ సంఖ్యకు అసలు మూలం పట్టుకున్నాక, వికీపీడియా పేజీలో ఆ బలహీనమైన ఫుట్‌నోట్‌ను అలాగే వదిలేయకండి. లాగిన్ అయి, పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, పేజీ సంఖ్యతో సహా సరిదిద్దండి. మీ సొంత పత్రాన్ని మీరే ఆధారంగా చేర్చాలనిపిస్తే మాత్రం నేరుగా చేర్చకండి. ఆ పత్రం మీదేనని చెప్పి చర్చా పేజీలో ప్రతిపాదించండి, చేర్చాలో వద్దో మిగతా సభ్యులు చూసి నిర్ణయిస్తారు.